సవరణ: ఇద్దరు పిల్లలు ఒకేసారి కాలేజీలో ఉంటే ఫాఫ్సా లెక్క

అమెరికా ప్రభుత్వ విశ్వవిద్యాలయాల ప్రవేశాల గురించి ఇదివరకు రాసిన వ్యాసంలో, ఇద్దరు పిల్లలు ఒకేసారి కాలేజీలో ఉంటే కుటుంబం భరించవలసిన వాటా ఇద్దరికీ పంచబడుతుందని ఉన్న వాక్యం 2023–24 విద్యా సంవత్సరం వరకే వర్తిస్తుంది. 2024–25 నుంచి ఫాఫ్సాలో, అంటే చదువుకు అమెరికా ప్రభుత్వ ఆర్థిక సహాయం కోసం నింపే దరఖాస్తులో, కుటుంబం ఎంత భరించగలదన్న పాత అంచనా స్థానంలో స్టూడెంట్ ఎయిడ్ ఇండెక్స్ అనే సూచిక వచ్చింది. ఇంట్లో ఎందరు కాలేజీలో చదువుతున్నారన్నది ఈ సూచిక లెక్కలోకి రాదు. పాత పద్ధతిలో 20,000 డాలర్ల తల్లిదండ్రుల వాటా ఇద్దరికీ చెరో 10,000గా విడిపోయేది. ఇప్పుడు సూచిక 20,000గా తేలితే అది ప్రతి బిడ్డకూ పూర్తిగా 20,000గానే నిలుస్తుంది. కవల పిల్లలున్న మధ్యతరగతి ఇళ్లకు ఇది నిజంగా పెద్ద భారం. అయితే ప్రత్యేక పరిస్థితులను విచక్షణతో పరిశీలించే అధికారం విశ్వవిద్యాలయ ఆర్థిక సహాయ కార్యాలయానికి ఉంది, మరొక బిడ్డ కాలేజీలో ఉండటం కూడా అందులోకి రావచ్చు. కాబట్టి ఆ బిడ్డ చేరినట్టు ధ్రువపత్రాన్ని, ఫీజు బిల్లును జతచేసి రాతపూర్వకంగా అడగండి, ఎందుకంటే మీరు అడగనిదే ఆ పరిశీలన సాధారణంగా మొదలుకాదు. తల్లిదండ్రులు హెచ్-1బి వీసాపై ఉన్నా, అమెరికా పౌరసత్వం ఉన్న పిల్లలు ఫాఫ్సాకు దరఖాస్తు చేయవచ్చన్న భాగంలో మార్పు లేదు.