సైలెంట్ వ్యాలీలో జంతువులు కనిపించకపోతే దండగేనా?
కేరళలోని సైలెంట్ వ్యాలీ వర్షారణ్యానికి వెళ్లి పెద్ద జంతువు ఒక్కటైనా చూడకపోతే ఆ ప్రయాణం దండగ అన్న వ్యాసకర్త అభిప్రాయంతో నేను ఏకీభవించలేను. మా శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఊళ్లోని చింతచెట్ల మీదే గూళ్లు కట్టుకుంటాయి కనుక, వన్యప్రాణులు కళ్లెదుటే కనిపించాలన్న ఆశ మాకూ సహజమే. అయితే వర్షారణ్యంలో జీవం ఎక్కువగా మన తలల మీద, ఎత్తైన చెట్ల కొమ్మల్లోనే ఉంటుంది. అక్కడి సింహతోక కోతి నేలకు దిగడం అరుదు. కల్లేనియా చెట్టుకు కాసే ముళ్లకాయలను చీల్చి గింజలు తింటుంది. కొరికి పడేసిన ముళ్లతొక్కలు పచ్చిగా కింద కనిపించినచోట కాసేపు మాట్లాడకుండా నిలబడి పైకి చూడడం, హడావిడిగా నాలుగు మలుపులు తిరగడం కంటే ఎంతో మేలు. అడవి బయట ఉన్న ముక్కాలి ఊరి నుంచి లోపలి సైరంధ్రి అనే చోటి వరకు ప్రయాణం ఎలాగూ వాహనంలోనే, గైడ్ వెంట ఉండగానే సాగుతుంది. కాబట్టి కాస్త ఆగమని ఆయననే అడగవచ్చు. కుంతీ నదిపై తలపెట్టిన జలవిద్యుత్ ప్రాజెక్టును ప్రజలు ఎదిరించి ఆపించినందువల్లనే మిగిలి, 1984లో జాతీయ ఉద్యానంగా ప్రకటితమైన అడవి అది. దాన్ని కనబడిన జంతువుల లెక్కతో తూచడం న్యాయం కాదు. వానాకాలంలో తడి ఆకుల అంచున తల పైకెత్తి ఊగుతూ మనిషి కోసం కాచుకునే జలగల గురించి, వాటి నుంచి కాపాడే పొడవాటి మేజోళ్ల గురించి వ్యాసంలో ఒక్క వాక్యమైనా చేర్చి ఉంటే కొత్తగా వెళ్లేవారికి నిజంగా ఉపయోగపడేది.