సవరణ: ఆదివారం పిల్లల క్విజ్-రేసు

హన్మకొండలో మన కాలనీ చిన్నపిల్లలకు పెడుతున్న ఆట గురించి మొన్నటి పోస్టులో ‘ఎక్కువ జవాబులు చెప్పిన జట్టే గెలిచినట్టు’ అని ఉంది. ఆ వాక్యం లెక్కలోకి తీసుకోకండి.

ఈ ఆటకు మూలం బీబీసీ వాళ్ల చిన్నపిల్లల టీవీ ఛానెల్ సీబీబీస్‌లో 2008లో మొదలైన క్విజ్ కార్యక్రమం ‘కర్‌విజ్’. అందులో సరైన జవాబు చెప్పిన జట్టుకు తన బండికి తగిలించుకునే హంగు ఒకటి దొరుకుతుంది. చివరి రేసులో అది పనికొస్తుంది, గెలుపోటములు తేలేది అక్కడే. మన దగ్గరా అంతే. జవాబు చెప్పిన పిల్లల అట్టపెట్టె బండికి రంగు కాగితం రెక్క అంటిస్తాం. రెక్క ఉన్న బండి ముగ్గుపిండితో గీసిన ‘చెరువు’ మీదుగా నేరుగా పోవచ్చు, లేని బండి చుట్టూ తిరిగి రావాలె. తిరిగొచ్చినోళ్లు కూడా గెలవొచ్చు, అదే మజా.

‘టీవీలో ఆడిన పిల్లలెవరు?’ అని ఇద్దరు ముగ్గురు అడిగారు. పిల్లలు కాదు, జట్లన్నీ యానిమేషన్ బొమ్మలే: ట్విస్ట్-స్నౌట్, నింకి-పిప్, కిట్-కబూడుల్. మనిషి ఒక్కడే, ప్రశ్నలడిగే జేకబ్ సిపియో.

ఆరేళ్లు దాటినవాళ్లకు ఆట లేదు, జెండా ఊపే పని ఉంది. ప్రశ్నలు పంపినవాళ్లకు ఒక మాట: వేయిస్తంభాల గుడి 1163 నాటిదని నాలుగేళ్ల పిల్లకేం తెలుస్తది? అక్కడి నంది ఫొటో సగం మూసి చూపించి, ఇదేంటో చెప్పమనండి చాలు.

అట్టపెట్టెలు ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలె.