‘లే’ లేవదు

బట్టల ఫ్యాక్టరీలో కటింగ్ సెక్షన్‌కు వెళ్తే ‘లే’ అనే మాట పదేపదే చెవిన పడుతుంది. పొడవాటి బల్ల మీద గుడ్డను పొర మీద పొరగా వంద పొరలు పరిస్తే తయారయ్యే దొంతర అది. ఇంగ్లీషు మాటే గానీ మన చెవికి తెలుగులాగే వినిపిస్తుంది. చిక్కంతా అక్కడే వచ్చింది. తెలుగులో ‘లే’ అంటే ఎవరో ఒకరు లేవాలి. ఇది లేవదు. దీన్ని లేపాలి. ఆ లేపేదెవరన్న గంభీరమైన ప్రశ్న మీద ఇప్పటిదాకా ఎవరూ సంపాదకీయం రాసిన పాపాన పోలేదు గనక, ఆ బాధ్యత నేను నెత్తికెత్తుకుంటున్నాను. నెత్తికే. నడుముకు కాదు.

ముందు బరువు తేల్చుకుందాం. లెక్కలంటే చిరాకు ఉన్నవాళ్లు ఈ పేరా దాటేయవచ్చు. మా మేనేజర్లూ దాటేసేవారు. టీషర్టు గుడ్డ చదరపు మీటరుకు 180 గ్రాములు తూగుతుందనుకోండి. వెడల్పు 1.8 మీటర్లు, బల్ల మీద పరిచిన పొడవు 6 మీటర్లు. ఒక పొర రెండు కిలోలు కూడా లేదు, పసిపిల్లకు కప్పే దుప్పటిలా హాయిగా ఉంటుంది. అలాంటివి వంద పరిస్తే 194 కిలోలు. గుడ్డ చేసే మోసమే ఇది. మెత్తగా ఉంది కదా, బరువేముంటుందిలే అనుకుంటాం. రాయి అలా కాదు, చూపులకే హెచ్చరిస్తుంది. గుడ్డ దొంతరకు అంచు లేదు, పిడి లేదు. పట్టుకున్న చోట జారుతుంది, పట్టుకోని చోట వేలాడుతుంది. పెళ్లి పందిట్లో నిద్రపోయిన పిల్లాణ్ణి భుజాన వేసుకుని బస్సుస్టాండు దాకా నడిచినవాళ్లకు నేను వేరే చెప్పక్కర్లేదు.

జీన్సు సంగతి ఇంకా ఘనం. చదరపు గజానికి 14 ఔన్సులు తూగే డెనిమ్ అంటే చదరపు మీటరుకు దాదాపు 475 గ్రాములు. మీటరున్నర వెడల్పుతో వంద మీటర్ల తాను 71 కిలోలవుతుంది. మన బియ్యం బస్తా 25 కిలోలకు చిక్కిపోయి, 2022లో జీఎస్టీ పుణ్యమా అని 26 కిలోలకు కాస్త ఒళ్లు చేసింది. డెనిమ్ తానుకు అలాంటి ఒడుదొడుకులేమీ లేవు. భుజం మీదికి ఎక్కేటప్పుడు ఎంతో, దిగేటప్పుడూ అంతే.

నేను కొంతకాలం బెంగళూరులో ఒక గార్మెంట్స్‌లో పనిచేశాను. అనంతపురం, హిందూపురం, కదిరి, మదనపల్లె వైపు వాళ్లకు ‘గార్మెంట్స్‌కి పోతా ఉండా’ అంటే చాలు, ఇంకేమీ అడగరు. నా పని ఏ పనికి ఎన్ని సెకన్లు పడుతుందో గడియారం పట్టుకుని రాయడం. అంటే ఆ హాల్లో బరువు ఎత్తని అతి కొద్దిమందిలో నేనొకణ్ణి. నిష్పక్షపాతంగా మాట్లాడే అర్హత నాకు అలా వచ్చింది.

అక్కడ నేను నేర్చుకున్న మొదటి పాఠం, గుడ్డ నలగకూడదన్నది. రెండో పాఠం లేదు.

అల్లిక గుడ్డను చూడండి. తానులో బిగించి చుట్టినప్పుడు అది సాగి ఉంటుంది. అలాగే కత్తిరిస్తే తర్వాత ముడుచుకుపోయి చొక్కా పొట్టిదవుతుంది. అందుకని చుట్ట విప్పి, వదులుగా మడతలు పెట్టి, కత్తిరించే ముందు దానికి విశ్రాంతి ఇస్తారు. లైక్రా అనే సాగే దారం కలిసిన గుడ్డకు మా దగ్గర 24 గంటలు. ‘ఫలానా తాను ఇన్ని గంటలకు విప్పబడినది, రేపు ఇన్ని గంటల వరకు ముట్టరాదు’ అని చీటీ కూడా అంటించేవాళ్లం. ఆ తానును స్టోర్ నుంచి భుజాన మోసుకొచ్చిన కదిరి కుర్రాడికి భోజనానికి అరగంట. వాడికి చీటీ లేదు. వాడిలో లైక్రా లేదు గదా, ముడుచుకుపోయినా పొట్టివాడు కాడు.

గాలి విషయంలోనూ అంతే. గుడ్డ పరిచే బల్ల దగ్గర కటింగ్ మాస్టర్ ఫ్యాను వేయనిచ్చేవాడు కాదు. పలచటి పొర లేచి మడతపడుతుందట. ఏప్రిల్ నెలలో బల్లకు ఆ కొసన ఇద్దరు, ఈ కొసన ఇద్దరు చెమటలు కక్కుతూ గుడ్డ పరుస్తుంటే, చెమట చుక్క గుడ్డ మీద పడకుండా మెడకు తువ్వాలు చుట్టుకోమని మాస్టర్ దయతో సలహా ఇచ్చేవాడు. మరక పడితే ఆ పొర తీసేయాలి మరి.

ఇలా చెబుతుంటే మా ఫ్యాక్టరీలో బరువులు మోసే సరంజామా ఏదీ లేదేమోనని మీకు అనుమానం రావచ్చు. అన్యాయంగా మాట్లాడకండి. ఉండేది. చేతితో కొట్టి పైకి లేపే హైడ్రాలిక్ ట్రాలీ ఒకటి స్టోర్ మూలలో పసుపు రంగులో మెరుస్తూ ఉండేది. కొన్న ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదు, పాడవుతుందని. దాని చక్రాలు చిన్నవి, మా గచ్చు పగుళ్లు పెద్దవి. పైగా దాని కింద దూరడానికి చెక్క పీటలు కావాలి. వచ్చిన పీటల్లో రెండింటి మీద దేవుడి పటాలు వెలిశాయి, తక్కినవి వానాకాలంలో నీళ్లు నిలిచే గుమ్మం దగ్గర కాలిబాట అయ్యాయి. కొనుగోలు కంపెనీ తరఫున ఆడిట్‌కు మనుషులు వచ్చే రోజు మాత్రం ట్రాలీని తుడిచి, ఉత్సవ విగ్రహంలా హాలు మధ్యకు తెచ్చేవాళ్లం. దాని మీద ఒకే ఒక్క తాను పెట్టి, వాళ్లు అటు నుంచి ఇటు వచ్చేసరికి ఒకడు దాన్ని ఇటు నుంచి అటు తోసేవాడు. సాయంత్రం వాళ్ల కారు గేటు దాటగానే ట్రాలీ తిరిగి గర్భగుడిలోకి. తాను తిరిగి భుజం మీదికి.

గోడ మీద ఒక పోస్టరు కూడా ఉండేది. మోకాళ్లు వంచండి, నడుము వంచకండి అని. అందులో మనిషి నవ్వుతూ ఎత్తుతున్నది చక్కటి నలుపలకల అట్టపెట్టె. కటింగ్ సెక్షన్‌లో అలాంటి ఆకారం గలది ఆ పోస్టరు ఒక్కటే.

చట్టం సంగతి అడుగుతారేమో. మన దగ్గర చట్టానికి ఎప్పుడూ లోటు లేదు. గాయమయ్యేంత బరువును ఎవరి చేతా ఎత్తించరాదు, మోయించరాదు, కదిలించరాదు అని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 34వ సెక్షన్‌లోనే రాశారు. మేము దాన్ని అక్షరాలా పాటించాం. గాయమంటే రక్తం రావాలి. నడుము నొప్పికి రక్తం రాదు. ఎక్స్‌రేలో కూడా చాలాసార్లు ఏమీ కనిపించదు కాబట్టి, చట్టానికి కూడా కనిపించకపోవడంలో ఆశ్చర్యం లేదు.

1967లో రెండు సంగతులు జరిగాయి. జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సంస్థ కూర్చుని, మనిషి మోయదగిన గరిష్ఠ బరువు మీద 127వ నంబరు ఒప్పందం రాసింది. దాని వెంట చేసిన సిఫార్సులో, వయసొచ్చిన మగవాడికైనా 55 కిలోలు మించితే తగ్గించే ఏర్పాటు వీలైనంత త్వరగా చేయాలంది. అదే ఏడాది స్వీడన్‌లో ఈటన్ అనే కంపెనీవాళ్లు నెత్తి మీద రైలు పట్టాలాంటి పట్టా వేసి, చొక్కా ముక్కలను హ్యాంగర్‌కు తగిలించి, ఒక కుట్టుమిషను నుంచి ఇంకో కుట్టుమిషను దగ్గరికి వాటంతటవే నడిచి వచ్చేలా చేశారు. కట్టలు మోయడం, విప్పడం, కట్టడం పోయాయి. మా కుట్టు హాల్లో కట్టలు మోసే పట్టా పేరు వేరే. ‘అక్కా, ఆ బండిల్ ఇట్లియ్యి.’

ఇక ఆ జెనీవా ఒప్పందాన్ని మన దేశం 2010లో ఆమోదించింది. నలభై మూడేళ్లు ఆలస్యమైందని కొందరు గొణుగుతారు. బరువుల కాగితం కదా. మనవాళ్లు చేతులతోనే మోసుకొచ్చారేమో, ఆ మాత్రం పడుతుంది.

అమెరికా వాళ్లది ఇంకో లెక్క. అక్కడి వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ 1991లో సవరించిన సూత్రం ప్రకారం, బరువు ఒంటికి దగ్గరగా, నడుము ఎత్తులో, మెలి తిరగకుండా, ఎప్పుడో ఒకసారి ఎత్తేటట్టయితేనే 23 కిలోలు. చెయ్యి చాచాలా, తగ్గించు. వంగాలా, తగ్గించు. నిమిషానికి ఇన్నిసార్లా, ఇంకా తగ్గించు. 23 అన్న అంకె మన తెలుగువాళ్లకు కొత్త కాదు. శంషాబాద్‌లో విమానం ఎక్కే ప్రతి తల్లీ కంఠస్థం చేసిన అంకె అది. ఇంట్లో తూకం వేసి, ఆవకాయ సీసా తీసి, మళ్లీ పెట్టి, గోంగూర తీసి, కొడుకు మీద అరిచి, 22 కిలోల 900 గ్రాముల దగ్గర ఊపిరి పీల్చుకుంటారు. అది దాటితే డబ్బు కట్టాలి, పెట్టెకు ‘హెవీ’ అని చీటీ తగిలించుకోవాలి. 32 దాటితే ఎంత డబ్బిచ్చినా ఆ పెట్టెను సాధారణంగా తీసుకోరు. ఎక్కడో ఎవరో సామాను ఎత్తేవాడికి నడుమొకటుందని ఆ చీటీకి తెలుసు.

చీటీలకు మా దగ్గరా కొదవ లేదు. కత్తిరించిన ప్రతి కట్టకూ ఒకటి కడతాం. స్టైలు నంబరు, సైజు, రంగు ఛాయ, లే నంబరు, ముక్కలు ఎన్ని, అన్నీ ఉంటాయి. బరువు తప్ప.

ఇంత రాసి, మా యాజమాన్యానికి యంత్రాలంటే గిట్టదని మీరు అనుకుంటే తప్పు నాదే. లక్షలు పోసి యంత్రం కొన్న రోజు నేను కళ్లారా చూశాను. కంప్యూటర్‌తో నడిచే కటింగ్ మిషన్ అప్పటికే వచ్చి ఉంది. 1969లో జోసెఫ్ గెర్బర్ తెచ్చిన పద్ధతి అది. దొంతర మీద పలచటి ప్లాస్టిక్ కప్పి, కింద నుంచి గాలి పీల్చేస్తే లే అణిగి, ఇటుకలా బిగుస్తుంది, కత్తికి కదలదు. కానీ పరిచిన బల్ల ఒకచోట, కోసే మిషన్ ఇంకోచోట. మధ్యలో ‘లే’ను, దాని అడుగున పరిచిన కాగితం పట్టుకుని నలుగురు లాగాలి. ఏళ్ల తరబడి లాగారు. ఒకడికి నడుము పట్టేస్తే నొప్పుల తైలం సీసా ఇచ్చేవాళ్లం. అది నెలకు రెండు సీసాలు దాటకుండా చూసుకోవడం కూడా నా లెక్కల్లో భాగమే.

ఒకరోజు విదేశం నుంచి ఫిర్యాదు వచ్చింది. చొక్కాల్లో కుడి పక్కకూ ఎడమ పక్కకూ అర సెంటీమీటరు తేడా ఉందట. మీటింగు పెట్టారు. లాగేటప్పుడు పై పొరలు వెనక్కి జారుతున్నాయని మాస్టర్ తేల్చాడు. కారణం అన్న గడిలో ‘మనుషులు చేత్తో లాగుట’ అని నా చేతే రాయించారు. అందరి ముఖాల్లో నిజమైన బాధ కనిపించింది. ఒకాయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ‘ఇకమీదట మనుషులు లాగడానికి వీల్లేదు’ అని తీర్మానమైంది. ఏళ్ల తరబడి నడుములు చేసుకున్న విన్నపం అర సెంటీమీటరు గుడ్డ నోటి మాటతో అమలైంది.

నెల తిరక్కుండా గాలి బల్ల వచ్చింది. దాని ఒంటి నిండా సన్నటి రంధ్రాలు, కింద బ్లోయర్. మీట నొక్కితే రంధ్రాల్లోంచి గాలి తన్నుకొచ్చి, అడుగు కాగితం కింద పలచటి పరుపులా నిలుస్తుంది. 194 కిలోల ‘లే’ను ఒక అమ్మాయి అరచేత్తో తోస్తే, అది చెరువు మీద తామరాకులా జారిపోయింది. అందరం చప్పట్లు కొట్టాం.

ఆ రాత్రి నేను ఇంటికెళ్లి లెక్క వేశాను, అలవాటు ఊరుకోదు కదా. ఆ బరువంతా పదకొండు చదరపు మీటర్ల మీద పరుచుకుని ఉంది. చదరపు మీటరుకు 18 కిలోలు. నీళ్ల గ్లాసులో స్ట్రాను రెండు సెంటీమీటర్ల లోతున ముంచి ఊదితే బుడగలు వస్తాయి చూడండి, ఆ ఒత్తిడి చాలు. గాలి పక్కల నుంచి కారిపోతుంది కాబట్టి బ్లోయర్ పెద్దది కావాలి గానీ, ‘లే’ను లేపే బలం మాత్రం చంటిపిల్లల ఊపిరి. ఇన్నేళ్లూ నలుగురు మగవాళ్ల నడుములు దానికి పోటీగా నిలిచాయంటే మన జాతి బలం గురించి గర్వపడాలి.

బల్ల విలువను పుస్తకాల్లో ఏటా కొంత తరుగుదలగా చూపించారు. అదొక పద్ధతి, యంత్రం అరుగుతుందని ప్రభుత్వం కూడా ఒప్పుకుంటుంది. నడుము తరుగుదలకు వేరే పుస్తకం ఉంది, అది వాళ్ల ఇళ్లలో మందుల చీటీల మీద రాసుకుంటారు.

గాలి బల్ల వచ్చాక నలుగురికి బరువు పని తప్పిందని నేను ఆ నెల రిపోర్టులో రాశాను. మాకు మంచి పేరు వచ్చింది. ఆ నలుగురినీ డెనిమ్ లారీలు దించడానికి స్టోర్‌కు పంపారని రాయలేదు. అది వేరే డిపార్ట్‌మెంటు.

ఒక మధ్యాహ్నం అన్నాల వేళ హాల్లోకి వెళ్తే బ్లోయర్ మోగుతోంది. బల్ల మీద లే లేదు. కదిరి కుర్రాడు వెల్లకిలా పడుకుని ఉన్నాడు. పైకేమీ తేలలేదు. మనిషి బరువు పొందిగ్గా ఒకేచోట పడుతుంది, అంత గాలికి లేవదు. కానీ రంధ్రాల్లోంచి వచ్చే గాలి నడుముకు తగులుతుంటే కళ్లు మూసుకుని, నోరు కాస్త తెరుచుకుని, గుళ్లో ప్రసాదం తిన్నవాడిలా ఉన్నాడు.

మాస్టర్ పరుగున వచ్చాడు. అటు బల్ల మీద తర్వాతి దొంతర సిద్ధంగా ఉంది.

‘రేయ్, లే వస్తా ఉంది. లే!’

‘వచ్చేదేదో, లేసేదేదో సరిగ్గా చెప్పన్నా’ అన్నాడు వాడు కళ్లు తెరవకుండానే.

మాస్టర్ గుడ్డ వైపు చూశాడు, వాడి వైపు చూశాడు, మళ్లీ గుడ్డ వైపు చూశాడు. వాడు లేచాడు. లే వచ్చి పడుకుంది.