మహారాజశ్రీ థంబ్‌నెయిల్ వారి దివ్యసముఖానికి

మహారాజశ్రీ థంబ్‌నెయిల్ వారి దివ్యసముఖానికి ఒక సాధారణ వీక్షకురాలు అనేక నమస్కారములతో వ్రాసుకొను విన్నపము. ఇక్కడ మేమంతా క్షేమం, మా కళ్లు తప్ప. పెద్ద ఫోటోకు గుర్తుగా ముందు కనిపించే చిట్టి బొమ్మ అయిన తమరు 150 పిక్సెళ్ల (తెర మీది చుక్కల) వెడల్పు, 150 పిక్సెళ్ల ఎత్తు గల తమ సొంత ప్రాంగణంలో సుఖంగా కొలువుదీరి ఉన్నారని ప్రతిరోజూ కళ్లు చికిలించుకుని మరీ చూస్తున్నాను కనుక, తమ యోగక్షేమాలను వేరుగా అడగవలసిన పని లేదు.

పెళ్లిళ్ల కాలం దగ్గరపడింది కనుక నేరుగా విషయానికి వస్తాను. తెలుగువారి ఇంట పెళ్లి కుదిరిందంటే ముహూర్తం తర్వాతి పని చీరలని, చీరల తర్వాత అంతకంటే పెద్ద పని జాకెట్లని తమరికి తెలియనిది కాదు. ఆ రోజుల్లో మా ఫోన్లలో తమ వంశీకులు తప్ప మరొకరు కనిపించరు. మగ్గం వర్కు చేసే మాస్టరు దగ్గరకు వెళితే ఆయన మొదట అడిగే మాట ‘ఫోటో ఉందా అమ్మా’ అని. జాకెట్టు అందంగా ఉందన్న సమాచారం ఆయనకు అక్కరలేదు. ఆరీ సూదితో వేసిన గొలుసుకుట్టు ఎక్కడ ఆగింది, జర్దోసీ తీగ ఎక్కడ మొదలైంది, కుందన్ రాళ్ల మధ్య ఎంత ఎడం వదిలారు, చేతి అంచున వేలాడుతున్నవి ముత్యాలా పూసలా అన్న సంగతులు ఆయన చూడాలి. మనం ఫోన్ అందిస్తే ఆయన తమరిని రెండు వేళ్లతో సాగదీస్తారు, మరికాస్త సాగదీస్తారు, ఫోన్‌ను దూరంగా పెట్టి చూస్తారు, దగ్గరగా పెట్టి చూస్తారు, చివరకు ‘ఇది నెమలా అమ్మా, మామిడి పిందెలా?’ అని మర్యాదగా అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు తెలిసినది తమరికి ఒక్కరికే. తమరేమో నోరు విప్పరు.

తమ పూర్వచరిత్రను నేను తక్కువ చేయను. విదేశ్ సంచార్ నిగమ్ అనే ప్రభుత్వ సంస్థ మన దేశంలో 1995 ఆగస్టు 15న ఇంటర్నెట్‌ను సామాన్యులకు అందుబాటులోకి తెచ్చిన తర్వాత, చాలా ఏళ్లపాటు అది టెలిఫోన్ తీగ పట్టుకునే ఇళ్లకు వచ్చేది. సెకనుకు 56 కిలోబిట్ల మోడెమ్ ఎంత పరుగెత్తినా ఒక్క మెగాబైటు ఫోటో దిగడానికి రెండు నిమిషాలు దాటేది. ఇంటర్నెట్ సెంటర్‌లో గంటకు ఇంతని చెల్లించి కూర్చున్నవారికి పాతిక పెద్ద ఫోటోలున్న పేజీని తెరవడమంటే జేబు తెరవడమే. అటువంటి రోజుల్లో తమరు ముందుగా వచ్చి, లోపల ఇటువంటిది ఉంది, కావాలంటే నొక్కండి అని సైగచేసి, నొక్కగానే పక్కకు తప్పుకునేవారు. ఆ తప్పుకోవడంలోనే తమ గౌరవమంతా ఉండేది. ఇప్పుడు నొక్కితే మళ్లీ తమరే వస్తున్నారు. ‘పెద్దదిగా చూడండి’ అన్న మీటను నమ్మి నొక్కితే తెరంతా నల్లబడుతుంది, గాలిలో ఒక చక్రం కాసేపు తిరుగుతుంది, నడుమ ఒక కిటికీ తెరుచుకుంటుంది, అందులో అదే పరిమాణంలో, చుట్టూ కాస్త ఎక్కువ ఖాళీతో, తమరే దర్శనమిస్తారు. బస్సులో కూర్చుని ఫోన్‌లో సినిమా మొత్తం చూడగలుగుతున్న ఈ రోజుల్లో, ఒక జాకెట్టు చేతికి మాత్రం మోడెమ్ కాలపు పొదుపు ఎందుకు వర్తిస్తోందో తమరే సెలవియ్యాలి.

తమకు ఇంత పెద్ద ఉద్యోగం దొరకడానికి కారణం కూడా ఒక దుస్తుల ముచ్చటే. 2000 ఫిబ్రవరిలో లాస్ ఏంజెలెస్‌లో జరిగిన గ్రామీ పురస్కారాల సభకు జెన్నిఫర్ లోపెజ్ వెర్సాచే వారి ఆకుపచ్చ గౌనులో వచ్చారు. ఆ గౌను కోసం జనం ఎంతగా వెతికారంటే, అప్పటివరకు తాము చూసిన శోధనలన్నిటిలోనూ దానికే ఎక్కువ గిరాకీ ఉండిందని గూగుల్‌ను నడిపిన ఎరిక్ ష్మిట్ 2015లో వ్రాశారు. గౌను చూపించమన్నవారికి లింకుల వరుస తప్ప గౌనును చూపించే దారి లేకపోవడంతో బొమ్మల శోధన అన్న ఆలోచన బలపడి, 2001 జూలైలో సుమారు 25 కోట్ల చిత్రాలతో జనంలోకి వచ్చింది. ఒక గౌనును కళ్లారా చూడాలన్న లోకం కోరికను తీర్చడానికి తెరిచిన ఆ కచేరీలో తమరిని గుమ్మం దగ్గర కూర్చోబెట్టారు. పావు శతాబ్దం గడిచింది. లోకం ఇంకా గుమ్మం దగ్గరే ఉంది.

పైగా తమ వద్ద న్యాయస్థానం ఇచ్చిన యోగ్యతాపత్రం కూడా ఉంది. అమెరికా పశ్చిమ ప్రాంతపు దృశ్యాలను చిత్రించే లెస్లీ కెల్లీ అనే ఛాయాచిత్రకారుడు, తన ఫోటోలను చిన్నవిగా చేసి చూపుతున్నందుకు అర్రిబా సాఫ్ట్ అనే శోధన సంస్థపై దావా వేశారు. 2003లో అక్కడి తొమ్మిదవ సర్క్యూట్ అప్పీళ్ల న్యాయస్థానం ఆ చిన్న బొమ్మల వాడకం చట్టసమ్మతమేనని తేల్చింది. అందుకు చూపిన కారణాలలో ఒకదాన్ని చదివినప్పుడు నాకు తమ మీద నిజంగానే జాలి కలిగింది: తమరిని పెంచి చూస్తే స్పష్టత పోతుంది కనుక, అసలు ఫోటోకు బదులుగా తమరిని ఎవరూ వాడుకోరట. చూడటానికి పనికిరాకపోవడమే నిర్దోషిత్వానికి ఆధారంగా నిలిచిన ఉద్యోగి తమరు తప్ప మరొకరు ఉండరు. (ఉంటారేమో, ప్రభుత్వ కార్యాలయాల సంగతి నేనిక్కడ ఎత్తదలచలేదు.) అయితే ఆ న్యాయమూర్తులు తమరిని బొమ్మలు వెతుక్కునేవారికి దారి చూపే సాధనంగా ఎంచారు. దారికి అడ్డంగా కూర్చోవడం గురించి ఆ తీర్పులో ఏమీ లేదు.

తమరు చిన్నగా ఉండటం ఒక ఎత్తు, చతురస్రంగా ఉండటం మరొక ఎత్తు. వెబ్‌సైట్లను నడిపే వర్డ్‌ప్రెస్ వంటి సాఫ్ట్‌వేర్ తమరిని తయారుచేసేటప్పుడు, ఎవరూ వేరుగా చెప్పకపోతే, ఫోటో నడిమి భాగాన్ని ఉంచి మిగిలినదాన్ని కత్తిరిస్తుంది. నిలువెత్తు చీర ఫోటోకు ఈ సత్కారం జరిగితే పైన మెడ దగ్గరి పని పోతుంది, కింద కుచ్చిళ్ల దగ్గరి అంచు పోతుంది, కొంగు సగంలో ఆగిపోతుంది. మిగిలేది నడుము, దాని మీద ఒక చేయి. చీర కొనేవారు అడిగేది అంచూ కొంగూ. తమరు చూపేది ఆ రెండూ కానిది.

ఇక నేతల మధ్య తమరు సాధించిన సమానత్వం ఏ ఉద్యమమూ సాధించలేదు. పోచంపల్లి ఇకత్‌లో దారాలకు నేతకు ముందే ముడులు కట్టి రంగులు అద్దుతారు కనుక బొమ్మ అంచులు కాస్త చెదిరి కనిపిస్తాయి. ఆ చెదరడమే దాని సొగసు. గద్వాల చీరలో నూలు ఒంటిని పట్టు అంచుతో కలిపే చోటు గీత గీసినట్టు తేటగా ఉంటుంది. ఉప్పాడ జాందానీలో బుటాను విడి దారంతో చేత్తో కూర్చుతారు. ఈ మూడింటినీ తమరు ఒకే చూపుతో చూస్తారు. జేపెగ్ పద్ధతి ఫోటోను 8×8 పిక్సెళ్ల గడులుగా విడదీసి కుదిస్తుంది. మనిషి కన్ను వెలుగునీడలను పట్టినంతగా రంగులను పట్టలేదన్న ధీమాతో రంగుల సమాచారాన్ని తరచుగా పావు వంతుకు తగ్గించివేస్తుంది. తమ 150 పిక్సెళ్ల వెడల్పులో అటువంటివి 19 గడులు కూడా నిండుగా పట్టవు. ఆ గడుల్లో ఐదున్నర మీటర్ల చీర ఇరుక్కుంటే ప్రతి అంచూ చెదురుతుంది, ప్రతి చీరా ఇకత్ అయిపోతుంది. దీనివల్ల సంతోషించేవారు లేకపోలేదు. అసలైన ఇకత్‌ను తిరగవేసి చూసినా రంగు అంతే నిండుగా ఉంటుంది, ఇకత్ బొమ్మను అచ్చువేసిన బట్టకు వెనుక వైపు వెలవెలబోతుంది; దగ్గరి ఫోటో ఉంటే ఆ తేడాను ఏ అనుభవజ్ఞురాలైనా పట్టేస్తుంది. అచ్చు బట్టను చేనేత ధరకు అమ్మదలచిన వర్తకుడు దగ్గరి ఫోటో పెట్టడు, తమరిని పెడతాడు, కింద ‘వాస్తవ రంగులో స్వల్ప తేడా ఉండవచ్చు’ అని ఒక వాక్యం జోడిస్తాడు.

అసలు బాధ ఇంకొకటి ఉంది. పెద్ద ఫోటో లేక తమరు రావడం లేదు. అది ఉంటుంది. చాలాసార్లు తమ వెనుకనే, అదే సర్వర్‌లో, అదే ఫోల్డర్‌లో, దాదాపు తమ పేరుతోనే ఉంటుంది. తమ ఫైలు పేరు చివర ఒక అడ్డగీత, దాని పక్కన 150×150 అనో 300×200 అనో అంకెలు వేలాడుతుంటే, ఆ తోకను చెరిపి ఎంటర్ నొక్కగానే అంతవరకు లేదన్న చీర తెరంతా పరుచుకుంటుంది. బ్లాగర్‌లో దాచిన ఫోటో చిరునామాలో ఎస్320 అన్నచోట ఎస్1600 అనో ఎస్0 అనో మార్చితే సరిపోతుంది. పింటరెస్ట్ చిరునామాలో 236 అన్న కొలత ఉన్నచోట ‘ఒరిజినల్స్’ అన్న మాట పెడితే తరచుగా అసలు ఫోటో బయటకు వస్తుంది. ఏ చిట్కా పారకపోతే పేజీ మూలసంకేతాన్ని తెరిచి, ఒకే ఫోటో వేర్వేరు కొలతల జాబితాకు గుర్తైన ఎస్ఆర్‌సీసెట్ అన్న మాటను వెతకాలి. అక్కడ తమ తోబుట్టువులు 300, 768, 1024, 1536 వెడల్పుల్లో పెళ్లి ఫోటోకు నిలబడ్డట్టు వరుసగా నిలబడి ఉంటారు. వారందరినీ ఇంట్లో పెట్టుకుని, వచ్చినవారి ముందుకు అందరికంటే చిన్నవారిని పంపించడం ఏ మర్యాదో నాకు తెలియదు. చీరల దుకాణంలో పరుపు మీద కూర్చుంటే, కొంటామో లేదో చూడకుండా మడత విప్పి కొంగు పరిచే సేల్స్‌మన్‌ను ఎరిగిన జాతి మాది. ఆ జాతికి చెందిన ఒక పెద్దావిడ ఇప్పుడు అంచు చూడటానికి ఫైలు పేర్ల వ్యాకరణం నేర్చుకోవలసి వస్తోంది.

ఫోటో తీసినవారి హక్కుల మాటేమిటని తమరు అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. 2018 ఫిబ్రవరిలో గూగుల్ తన బొమ్మల శోధన నుంచి ‘చిత్రాన్ని చూడండి’ అన్న మీటను తొలగించింది. ఫోటోల హక్కులు అమ్మే గెట్టీ ఇమేజెస్ సంస్థతో ఒప్పందం కుదిరిన కొద్ది రోజులకే అది జరిగింది. ఫోటో ఒక్కటే విడిగా తెరుచుకుంటే, దాన్ని తీసినవారి పేజీకి ఎవరూ వెళ్లరన్నది ఛాయాచిత్రకారుల ఫిర్యాదు, అందులో న్యాయముంది. చేనేత సంఘం ఖర్చుపెట్టి తీయించుకున్న ఫోటో మరునాటికి ఎవరిదో వాట్సాప్ గ్రూపులో ‘మా దగ్గర సగం ధరకే’ అన్న వ్యాఖ్యతో తిరుగుతుంటే కడుపు మండదా? అందుకే కొందరు కొంగు మీదుగా పదంకెల ఫోన్ నంబరు అచ్చువేసుకుంటున్నారు, అది జరీ కంటే స్పష్టంగా కనిపిస్తున్నా సరే. కాని మహారాజశ్రీ, దొంగకు తోక చెరపడం వచ్చు. అతనికి అదే వృత్తి. తమ కాపలా వల్ల ఆగిపోతున్నది డబ్బు చేతిలో పట్టుకుని, చూసి కొందామని వచ్చిన ఆవిడ ఒక్కతే.

తమ అసలు జాడను ఇతరత్రా కనుక్కునే మార్గాలున్నాయని తెలుసు. టొరంటోలో పుట్టిన టిన్ఐ అనే బొమ్మల శోధన సేవ 2008 నుంచి ఆ పని చేస్తోంది, దొరికిన ప్రతులను పరిమాణం ప్రకారం పేర్చి కూడా చూపుతుంది; దానికి నా నమస్కారం. ఫోటో చూపించి వెతికే గూగుల్ లెన్స్ వంటి ఇప్పటి లెన్సుల పద్ధతి వేరు. జాకెట్టు ఫోటో పెద్దది కావాలని అడిగితే, అటువంటి రంగు జాకెట్లు అమ్మే దుకాణాలను చూపుతాయి, అక్కడ ప్రతి జాకెట్టుకూ ఒక కొత్త థంబ్‌నెయిల్ ఉంటుంది.

చివరి ప్రమాదం గురించి హెచ్చరించడం నా బాధ్యత. తమలో ఉన్నవి మొత్తం 22,500 పిక్సెళ్లు; మామూలు 12 మెగాపిక్సెళ్ల ఫోన్ తీసే ఫోటోలో 1 కోటి 20 లక్షలు ఉంటాయి, అంటే తమకు ఐదు వందల రెట్ల పైమాట. ఆ వెలితిని పూడుస్తామంటూ ఇప్పుడు కృత్రిమ మేధ యాప్‌లు వచ్చాయి. అవి పోయిన వివరాన్ని వెనక్కు తీసుకురావు, ఉండి ఉంటుందనుకున్న వివరాన్ని కొత్తగా గీస్తాయి. తమలో మూడు బూడిద చుక్కలుగా ఉన్నది వాటి చేతిలో తళతళలాడే మూడు కుందన్ రాళ్లవుతుంది, నెమలో పిందెలో తేలనిది ఐదు కాళ్ల చిలుకవుతుంది. ఎక్కడా లేని ఆ చిలుకను మగ్గం మీద బట్ట బిగించి, రాత్రుళ్లు లైటు కింద కూర్చుని, ఒక్కొక్క పూస ఎక్కించి కుడతారు. ముహూర్తం నాటికి అది పెళ్లికూతురి వీపు మీద ఉంటుంది, కెమెరా వాళ్లు దాన్ని 4కేలో తీస్తారు.

కనుక నా మనవి ఇది. పెద్ద ఫోటో ఉన్నచోట, నొక్కగానే తమరు పక్కకు తప్పుకోండి. ఇవ్వదలచుకోకపోతే, యజమాని ఇవ్వవద్దన్నారని ఒక ముక్క చెప్పండి, మేము వారినే అడుగుతాం, కొనవలసివస్తే కొంటాం. నిజంగానే లేకపోతే లేదని వ్రాయండి, ‘పెద్దదిగా చూడండి’ అన్న మీటను పీకేయండి. చీరను చతురస్రంలో కోయడం మాత్రం ఏ పరిస్థితిలోనూ వద్దు. ఈ లేఖకు జవాబు పంపే ఉద్దేశం ఉంటే 1,600 పిక్సెళ్లకు తగ్గని వెడల్పులో, వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపగలరు; మామూలు ఫోటోగా పంపితే దారిలో మళ్లీ చిక్కిపోతుంది.

ఇట్లు,
తమ దర్శనభాగ్యంతో తృప్తిపడలేని
ఒక వీక్షకురాలు