ఉద్యోగం తీసేది కంపెనీ, రాజీనామా రాసేది ఉద్యోగి

2025 జులై 27, ఆదివారం. సిబ్బందిలో 2 శాతం మందిని, అంటే 12 వేల మందికి పైగా ఉద్యోగులను తగ్గించుకుంటామని ఐటీ కంపెనీ టీసీఎస్ సీఈఓ కె. కృతివాసన్ ఒక వార్తాసంస్థకు చెప్పారు. పోయేవాళ్లలో మధ్యస్థాయి, సీనియర్ ఉద్యోగులే ఎక్కువగా ఉంటారన్నారు. ఇది ఏఐ వల్ల కాదని, వాళ్లకు సరిపడే పని చూపించలేకపోవడమే కారణమని వివరించారు. అమెరికా క్లయింట్లు ఖర్చు బిగించడం, ప్రాజెక్టులు వాయిదా పడడం, టారిఫ్‌ల గందరగోళం పాఠకులకు తెలిసినవే. ఏడాదికి 225 రోజులు బిల్లింగ్‌లో, అంటే క్లయింట్ డబ్బు చెల్లించే పనిలో ఉండాలి, ప్రాజెక్టు లేకుండా బెంచ్ మీద 35 రోజులు దాటకూడదు అన్న నిబంధన కూడా అంతకు నెలన్నర ముందే వచ్చింది.

ఆ తర్వాత వచ్చిన లెక్క చూడండి. జులై నుంచి సెప్టెంబర్ వరకు మూడు నెలల్లో ఆ కంపెనీ సిబ్బంది 19,755 మంది తగ్గి 5,93,314కు చేరారు. అందులో తాము పంపించినవాళ్లు 6 వేల మంది దాకా ఉంటారని యాజమాన్యం చెప్పింది. మిగతావాళ్లలో మంచి ఆఫర్ వచ్చి వెళ్లినవాళ్లు ఎందరు? ‘మీరే రిజైన్ చేస్తే మీకే మంచిది’ అన్న మాట విని వెళ్లినవాళ్లు ఎందరు? బలవంతపు రాజీనామాలు జరిగాయని ఉద్యోగ సంఘాలు అంటున్నాయి, కంపెనీ ఒప్పుకోవడం లేదు. ఎవరి మాట నిజమో బయటివాళ్లకు తేలే దారి లేదు. ఎందుకంటే కాగితం మీద రాజీనామాలన్నీ ఒకేలా ఉంటాయి. అన్నిట్లోనూ ‘వ్యక్తిగత కారణాలే’.

నా అభ్యంతరం సరిగ్గా ఇక్కడే. గడ్డుకాలంలో ఉద్యోగాలు తగ్గించడమే నేరమని నేను అనను. ఆర్డర్లు లేని కంపెనీ అందరికీ జీతాలిస్తూ ఎంతోకాలం నిలబడలేదు. కానీ తీసేయాలన్న నిర్ణయం తనదైనప్పుడు ఆ సంగతి తన లెటర్‌హెడ్ మీద రాసి, కారణం చెప్పి, సంతకం పెట్టి ఇవ్వాలి. మన ఐటీ పరిశ్రమలో హెచ్ఆర్ విభాగాలు దీనికి పూర్తిగా వ్యతిరేకమైన పద్ధతికి అలవాటుపడ్డాయి. నిర్ణయం కంపెనీది, సంతకం ఉద్యోగిది.

ఆ పద్ధతి ఎలా ఉంటుందో ఐటీలో ఉన్నవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. క్యాలెండర్‌లో పావుగంట మీటింగ్ ఇన్వైట్ వస్తుంది, విషయం ఏమిటో ఉండదు. గదిలో హెచ్ఆర్ నుంచి ఒకరు, పక్కనే తల ఎత్తని మేనేజర్. ‘మీ రోల్ ఇక లేదు, రెండు ఆప్షన్లు ఉన్నాయి’ అంటారు. రిజైన్ చేస్తే రిలీవింగ్ లెటర్, ఎక్స్‌పీరియన్స్ లెటర్ సాఫీగా వస్తాయి. చేయకపోతే టర్మినేషన్. రేపు ఇంకో కంపెనీ బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌కు అడిగితే అదే కనబడుతుంది. ఇంట్లో ఒకసారి మాట్లాడి చెప్తానంటే వీల్లేదంటారు, ఇక్కడే పోర్టల్‌లో సబ్మిట్ చేయమంటారు. పన్నెండేళ్లు పనిచేసిన మనిషి ల్యాప్‌టాప్ అప్పగించి, స్వైప్ పనిచేయని ఐడీ కార్డుతో గేటు దగ్గర నిలబడతాడు. ఊళ్లో ఉన్న నాన్నకు ఏం చెప్పాలో తెలియదు. తీసేశారని చెబుదామంటే చేతిలో ఉన్నది తను రాసిన రాజీనామా.

ఇంకో దారి పనితీరు. నిరుడు అంచనాలను మించాడని ‘ఎక్సీడ్స్’ రేటింగ్ ఇచ్చిన మనిషికే ఈ ఏడాది పిప్, అంటే పనితీరు మెరుగుపరచుకోవాలన్న గడువు పెడతారు. ప్రాజెక్టు పోయింది కాబట్టి పని లేదని చెప్పడానికి బదులు నీకు పని రాదని చెబుతారు. ఈ రెండోది మొదటిదానికంటే చాలా క్రూరం. పని లేక ఉద్యోగం పోయినవాడు వారంలో తేరుకుని రెజ్యూమే దిద్దుకుంటాడు. నీకు చేతకాదని రాతపూర్వకంగా అనిపించుకున్నవాడు ఇంటర్వ్యూలో నోరు విప్పడానికే భయపడతాడు.

కంపెనీకి ఇందులో లాభం ఏమిటి? చట్టం పెట్టిన బాధ్యత తప్పించుకోవచ్చు. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం ఏడాదైనా పనిచేసిన కార్మికుణ్ణి రిట్రెంచ్ చేయాలంటే, అంటే మిగులు సిబ్బంది అని తీసేయాలంటే, కారణం తెలుపుతూ నెల రోజుల ముందు రాతపూర్వక నోటీసు గానీ, ఆ నెల జీతం గానీ ఇవ్వాల్సి ఉండేది. పనిచేసిన ప్రతి ఏడాదికీ 15 రోజుల సగటు జీతం పరిహారంగా చెల్లించాల్సి ఉండేది. 2025 నవంబర్ 21న దాని స్థానంలో అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఈ నియమం ఉంది. రాజీనామా చేతికొస్తే వీటిలో ఏదీ అక్కర్లేదు. పరిహారం మాట పక్కన పెట్టినా, కారణం రాసివ్వాల్సిన బాధ్యత పోతుంది. ఆ కారణమే ఉద్యోగికి అన్నిటికంటే అవసరం.

2017 జులైలో ఒక ఆడియో దేశమంతా తిరిగింది గుర్తుందా? టెక్ మహీంద్రా హెచ్ఆర్ ఉద్యోగిని ఒకరు మర్నాడు ఉదయం పది గంటలకల్లా రిజైన్ చేయమని ఒక ఇంజినీర్‌కు చెప్పడం అందులో వినబడింది. ఆనంద్ మహీంద్రా స్వయంగా క్షమాపణ చెప్పారు, అప్పటి సీఈఓ సి.పి. గుర్నానీ కూడా చెప్పారు. ఆ క్షమాపణలు నిజాయితీగా వచ్చినవే అనుకుంటాను. కానీ పరిశ్రమ మొత్తం దాన్నుంచి నేర్చుకున్నది ఏమిటి? గదిలోకి ఫోన్ తేవద్దని చెప్పడం. మాట్లాడే తీరు మారలేదు, రికార్డు కాకుండా చూసుకోవడం మాత్రం పెరిగింది.

అదే కంపెనీలో కలిసిపోయిన సత్యం కంప్యూటర్స్ చరిత్రలో మరో రకం ఉదాహరణ ఉంది. 2009 జనవరి 7న లెక్కల మోసాన్ని ఒప్పుకుంటూ దాని అధినేత రామలింగరాజు రాసిన లేఖ బయటపడేసరికి ప్రపంచమంతా మాంద్యంలో ఉంది. 53 వేల మంది ఉద్యోగులున్నారని చెప్పుకున్న కంపెనీ ఒక్క రోజులో కూలింది. హైదరాబాద్‌లో ఆ నెల జీతాలు పడతాయా అని అడగని సత్యం ఇల్లు లేదు. కేంద్రం వేసిన కొత్త బోర్డులోని కిరణ్ కార్నిక్, దీపక్ పరేఖ్, టి.ఎన్. మనోహరన్ లాంటివాళ్లు బ్యాంకుల నుంచి 600 కోట్ల రూపాయలు తెచ్చి జీతాలు ఆగకుండా చూశారు. జూన్‌లో, అప్పటికే టెక్ మహీంద్రా చేతికొచ్చిన కంపెనీ, పని లేని వేల మందిని ‘వర్చువల్ పూల్’లో పెట్టింది. బేసిక్ జీతం, పీఎఫ్, ఆరు నెలల గడువు. అది చేదు నిర్ణయమే, అందులో ఉన్నవాళ్లు చాలా నలిగిపోయారు. అయినా ఎంత వస్తుందో, ఎన్నాళ్లు వస్తుందో వాళ్లకు తెలుసు. ఆరు నెలల తర్వాత ఏం చేయాలో ఆ రోజు రాత్రే ఇంట్లో కూర్చుని మాట్లాడుకోగలిగారు. మోసంతో మునిగిన కంపెనీ చేయగలిగిన పని, లాభాల్లో ఉన్న కంపెనీలకు ఎందుకు సాధ్యం కాదు?

2020 మే 5న, ప్రయాణికులకు ఇళ్లు అద్దెకు ఇప్పించే ఎయిర్‌బీఎన్‌బీ సీఈఓ బ్రయాన్ చెస్కీ ఉద్యోగులకు రాసిన లేఖ కూడా చదవదగ్గది. కోవిడ్‌తో ఆ ఏడాది ఆదాయం 2019లో వచ్చినదాంట్లో సగం కూడా రాదని అందులో నేరుగా రాశారు. 7,500 మందిలో దాదాపు 1,900 మంది వెళ్లాల్సి వస్తుందన్నారు. అమెరికా ఉద్యోగులకు 14 వారాల జీతం, సర్వీసులో ప్రతి ఏడాదికీ మరో వారం జీతం, ఏడాదిపాటు ఆరోగ్య బీమా. కంపెనీ ల్యాప్‌టాప్ ఎవరిది వాళ్లే ఉంచుకోమన్నారు, కొత్త ఉద్యోగం వెతుక్కోవడానికి అది కావాలి కాబట్టి. తప్పు మీది కాదని స్పష్టంగా రాశారు. ఆ ఒక్క మాట రాయడానికి కంపెనీకి పైసా ఖర్చు కాదు.

ముందే చెబితే పనిమంతులు ముందుగా వెళ్లిపోతారని, క్లయింట్లు బెదురుతారని, లిస్టెడ్ కంపెనీకి షేరు ధరతో ముడిపడిన సమాచారం మీద నియమాలుంటాయని యాజమాన్యాలు అంటాయి. నియమాలున్నమాట నిజం. కానీ బయట ప్రకటించిన రోజున లోపల ఏ విభాగంలో ఎందరు, ఎప్పటిలోగా, ఏ ప్రాతిపదికన అని చెప్పకూడదని ఏ నియమమూ అనదు. ఇక పనిమంతుల సంగతి. వాళ్లు పుకారుకే వెళ్లిపోతారు, వేరే చోట ఆఫర్ దొరికేది ముందు వాళ్లకే కదా. మిగిలిన టీమ్‌లో సగం మంది నౌక్రీ జాబ్ సైట్‌లో ప్రొఫైల్ అప్‌డేట్ చేసుకుంటూ కూర్చుంటే నష్టపోయేది ఏ క్లయింట్ పనో మేనేజర్లకు బాగా తెలుసు.

అన్నిటికంటే ముఖ్యమైనది టైమ్. టౌన్‌హాల్‌లో ‘పైప్‌లైన్ బాగుంది, టెన్షన్ పడొద్దు’ అని ఏప్రిల్‌లో చెప్పారనుకుందాం. ఆ మాట నమ్మి ఒకడు మేలో హైదరాబాద్ నల్లగండ్లలో ఫ్లాట్‌కు అడ్వాన్స్ ఇస్తాడు, ఇరవై ఏళ్ల ఈఎంఐకి సంతకం పెడతాడు. జులైలో మీటింగ్ ఇన్వైట్ వస్తుంది. ఏప్రిల్‌లోనే ‘ఈ ఏడాది కష్టంగా ఉంది, ఈ విభాగంలో కోత ఉండొచ్చు’ అని ఉంటే ఆ అడ్వాన్స్ ఇచ్చేవాడు కాదు, పిల్లల స్కూల్ మార్చేవాడు కాదు, అమ్మానాన్నల ఇన్సూరెన్స్ విడిగా తీసుకునేవాడు. ముందు తెలిసిన రెండు నెలలు తర్వాత ఇచ్చే రెండు నెలల జీతం కంటే విలువైనవి.

ఇది అమెరికాలో ఉన్న మన కుటుంబాలకు ఇంకా బాగా తెలుసు. హెచ్-1బీ వర్క్ వీసా మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం పోయాక కొత్త స్పాన్సర్‌ను వెతుక్కోవడానికి గరిష్ఠంగా 60 రోజుల గ్రేస్ పీరియడ్ ఉంటుంది. అక్కడ 1988 నాటి వార్న్ చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు మూకుమ్మడిగా తీసేస్తే 60 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. 2023 జనవరిలో గూగుల్ 12 వేల మందిని తీసేస్తున్నట్టు ప్రకటించినప్పుడు చాలామందికి తెల్లారేసరికి లాగిన్ పోయింది. అది అమానుషం, సందేహం లేదు. కానీ అమెరికా ఉద్యోగులకు నోటీసు కాలమంతా, కనీసం 60 రోజులు, జీతం పడింది. సాధారణంగా గ్రేస్ పీరియడ్ లెక్క జీతం అందిన ఆఖరి రోజు నుంచి మొదలవుతుంది కాబట్టి వీసా గడియారం ఆలస్యంగా తిరిగింది. అలా ఎన్నో తెలుగు కుటుంబాలకు మరో రెండు నెలలు దొరికాయి. పిల్లల స్కూల్ ఏడాది మధ్యలో ఆగకపోవడానికి, కొత్త స్పాన్సర్ దొరకడానికి అవి సరిపోయిన సందర్భాలున్నాయి. ఏ హెచ్ఆర్ మంచితనమో ఆ టైమ్ ఇవ్వలేదు, చట్టం ఇచ్చింది.

మన దగ్గర అలాంటి చట్టం లేదు. 300 మంది, ఆపైన ఉన్న ఫ్యాక్టరీ, గని, తోట అయితే తొలగింపులకు ప్రభుత్వ అనుమతి కావాలి. ఒకే క్యాంపస్‌లో 20 వేల మంది ఉన్న ఐటీ కంపెనీకి అది వర్తించదు. మేనేజర్ హోదా వచ్చినవాళ్లకైతే పైన చెప్పిన నెల నోటీసు రక్షణా ఉండదు. టీసీఎస్ చెప్పిన మధ్యస్థాయి, సీనియర్ ఉద్యోగుల్లో చాలామంది ఆ కోవలోనే ఉంటారు. అనుమతి నిబంధన ఐటీకీ పెట్టమని నేను అడగడం లేదు, ఫైలు పట్టుకుని సచివాలయం చుట్టూ తిరగడం ఏ కంపెనీకీ మంచిది కాదు. అడుగుతున్నది ముందుగా చెప్పమని, నిజం చెప్పమని.

ఇందుకు ఢిల్లీ కోసం ఎదురుచూడక్కర్లేదు. 1998లో సైబర్ టవర్స్ మొదలైన నాటి నుంచి మన ప్రభుత్వాలు ఐటీ కంపెనీలను ఒకే ప్రశ్న అడుగుతూ వచ్చాయి: ఎన్ని ఉద్యోగాలు ఇస్తారు? 2025 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ కేబినెట్ విశాఖలో టీసీఎస్‌కు 21.16 ఎకరాలు 99 పైసలకు ఇవ్వడానికి ఒప్పుకుంది. 1,370 కోట్ల పెట్టుబడి, 12 వేల ఉద్యోగాలు అన్నది హామీ. విశాఖకు ఆ క్యాంపస్ రావాలి, అక్కడి పిల్లలు బెంగళూరు బస్సెక్కకుండా ఉద్యోగం చేసుకోవాలి. కానీ ప్రజల భూమి ఉద్యోగాల పేరు మీద ఇస్తున్నప్పుడు ఆ ఉద్యోగాలు పోయే రోజు గురించి కూడా ఒప్పందంలో రాయాలి. వంద మందికి మించి తగ్గిస్తే 60 రోజుల ముందు లేబర్ కమిషనర్‌కూ ఉద్యోగికీ రాతపూర్వక నోటీసు, అందులో కారణం. ఆ నోటీసు కాలంలో ఎవరి దగ్గరా రాజీనామా తీసుకోకూడదు, ఉద్యోగి తనంతట తాను లేబర్ అధికారి ముందు ఇస్తే తప్ప. ప్రతి మూడు నెలలకూ ఎందరు చేరారో, ఎందరు రాజీనామా చేశారో, ఎందరిని తీసేశారో మూడు విడి అంకెలుగా ప్రభుత్వం బయటపెట్టాలి. అమరావతిలోనైనా హైదరాబాద్‌లోనైనా ఇకముందు రాసే ప్రతి భూ కేటాయింపు జీవోలో ఈ షరతులు చేర్చడానికి ఒక్క కేబినెట్ సమావేశం చాలు.