మహారాజశ్రీ ‘యూజర్ గైడ్ ఫైనల్ ఫైనల్ 7’ గారికి

మహారాజశ్రీ వర్డ్ ఫైలు గారి దివ్యసముఖమునకు,

తమరి కొలువులో తొమ్మిదేళ్లు చేసిన టెక్నికల్ రైటర్ నమస్కరించి రాయునది. ఇక్కడంతా క్షేమం. తమరు తెరుచుకునేలోగా నేను కిందికెళ్లి టీ తాగి వచ్చేవాణ్ణి. ఇప్పుడా యోగం పోయింది.

412 పేజీల తమరి రాజ్యంలో, పంపు విప్పేముందు కరెంటు ఆపమనే హెచ్చరిక పద్నాలుగు చోట్ల ఉండేది. ఒకచోట స్విచ్ కట్టమనేవారు, ఇంకోచోట ప్లగ్ పీకమనేవారు. కట్టాక 5 నిమిషాలు ఆగమని ఒక పేజీ, ఆ ఊసే లేకుండా మరో పేజీ. సరిచేద్దామని వెతికితే పదమూడే దొరికాయి. పద్నాలుగోది అనుబంధంలో దాక్కుంది. కస్టమరుకి దొరికింది అదే.

అందుకని మావాళ్లు డిటాను తెచ్చారు. మాన్యువల్‌ని చిన్న చిన్న టాపిక్కులుగా రాసుకుని, వాటిని కలిపి వాడుకునే పద్ధతి అది. ఐబీఎంలో పుట్టి, 2005లో ఒయాసిస్ అనే ప్రమాణాల సంస్థ వారి ప్రమాణమైంది. పూర్తి పేరులో మొదటి మాట డార్విన్ (తమరిని చూశాక ఆయన అవసరం ఎవరికైనా అర్థమవుతుంది). ఒక టాపిక్‌లో ఒకటే సంగతి ఉండాలట. ఏమిటో చెబితే కాన్సెప్ట్, ఎలా చేయాలో చెబితే టాస్క్, వెతుక్కుని చూసుకునేదైతే రిఫరెన్స్. హెచ్చరిక ఒక్కచోట రాసి, కావలసిన చోటల్లా, ఆ అసలు చోటును చూపించే లింకు అయిన కాన్‌రెఫ్‌తో తెచ్చుకోవాలి.

మేనేజరు గారు రెండు రోజుల్లో అయిపోవాలన్నారు. ఇంకేముంది, కత్తిపీట ముందు కూర్చుని వంకాయలు తరిగినట్టు, హెడ్డింగు హెడ్డింగుకీ తమరిని తరిగేశాం. ముక్కలయ్యాయి గానీ టాపిక్కులు కాలేదు. ప్రతి ముక్కలోనూ తమరే. ఒకటి ‘పైన చెప్పినట్టు’ అని మొదలవుతుంది, పైన ఏమీ లేదు. ఇంకొకటి ‘కింది పట్టిక చూడండి’ అంటుంది, కింద కాపీరైట్ లైను తప్ప ఏదీ లేదు. అవన్నీ విడివిడిగా నిలబడేలా తిరగరాయడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఆ ఎనిమిది నెలలూ ప్లానులో ఎక్కడా లేవు.

ఒక్క విషయంలో తమరే మేలు. తమరి దగ్గర తప్పు చేస్తే ఒక్కచోటే ఉండేది. మొన్న ఆ ఉమ్మడి హెచ్చరికలో 5 బదులు 50 కొట్టాను. ఆరు మాన్యువళ్లలోకీ ఒకేసారి వెళ్లింది. సర్వీస్ కుర్రాళ్లు స్విచ్ కట్టేసి, యాభై నిమిషాలూ టీకొట్టు దగ్గర కూర్చున్నారు.

ఇంతకీ ఈ ఉత్తరం ఎందుకంటే, నిన్న రివ్యూకి టాపిక్కులు పంపితే ఇంజినీరు గారు ఫోన్ చేసి, “బాగుంది గానీ, అంతా కలిపి ఒక్క వర్డ్ ఫైలుగా పంపుతావా?” అన్నారు. రేపు పదింటికల్లా తమరు సిద్ధంగా ఉండగలరు. పేరు చివర 8 తగిలించాను.

ఇట్లు,
తమరి పాత సేవకుడు