పేరెంట్స్ మీటింగ్‌లో మార్కులు కాదు, తప్పులు అడగండి

పేరెంట్ టీచర్ మీటింగ్ అంటే మన దగ్గర ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం, "ఇంట్లో కూడా కాస్త చూసుకోండమ్మా" అనే ఒక్క మాట. ఏం చూసుకోవాలో, ఎలా చూసుకోవాలో ఎవరూ చెప్పరు. అసలు చెప్పాల్సింది అదే కదా!

విద్యాహక్కు చట్టం ప్రకారమే చూసినా ప్రాథమిక బడిలో 30 మందికి ఒక టీచరు. 40 నిమిషాల పీరియడ్‌లో ఒక్కొక్కరికి నిమిషంన్నర కూడా రాదు. ఎంత మంచి టీచరైనా ఎవరు ఎక్కడ ఆగిపోయారో ఆ కాస్త టైములో పట్టుకోలేరు. ఇరవై మందిని కూర్చోబెట్టే ట్యూషన్ కూడా ఇంకో క్లాసే. హోంవర్కు పూర్తవుతుంది, లోపం అలాగే ఉంటుంది.

ఆ లోపం ఎలా ఉంటుందో చూడండి. 52 లోంచి 27 తీసేయమంటే 35 అని వేసే పిల్లలు చాలామంది ఉంటారు. రెండులోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచి రెండు తీసేస్తారు. ఇంటు కొట్టి "మళ్లీ చెయ్" అంటే మళ్లీ 35 వేస్తారు. అదే ఐదు పదిరూపాయల నోట్లు, రెండు రూపాయి బిళ్లలు చేతిలో పెట్టి 27 ఇమ్మనండి. ఒక నోటు చిల్లర మార్చక తప్పదని వాళ్లకే తెలుస్తుంది. పక్కన కూర్చుని "ఎలా వేశావు?" అని అడిగే మనిషి ఉంటేనే ఇది బయటపడుతుంది.

చదవడమూ అంతే. వాచకం గడగడా చదివేస్తున్నారంటే పాఠం బట్టీ వచ్చి ఉండొచ్చు. కొత్త పేరా ఏదైనా ఇచ్చి చూడండి. గుణింతాల దగ్గర తడబడితే గుణింతాల నుంచే మొదలుపెట్టాలి, ఒత్తుల దగ్గరైతే ఒత్తుల నుంచి. ఐదో తరగతికొచ్చి ఇంకా గుణింతాలా అని దయచేసి చిన్నబుచ్చకండి. మధ్యలో ఆపి దిద్దకండి, వాక్యం పూర్తి కానివ్వండి. అక్షరానికొకసారి ఆపితే పిల్లలు పుస్తకం కాకుండా మన మొహం చూసి చదువుతారు.

రోజుకు 15 నిమిషాలు చాలు. ఏడు చదవడానికి, మూడు చదివింది సొంత మాటల్లో చెప్పడానికి, ఐదు లెక్కకి. ఆదివారం రెండు గంటలు కూర్చోబెడితే దీనికి సాటి రాదు.

అమ్మకి చదువు రాకపోతే? చదివింది చెప్పమని వింటే చాలు. అర్థం కాకుండా చదివితే చెప్పలేరు, అది వినేవాళ్లకి తెలిసిపోతుంది. అక్షర దోషాలు చూడటానికి వీధిలో ఇంటర్ చదివే అక్కనో అన్ననో అడగండి, ముగ్గురు పిల్లలకి మించి అప్పజెప్పకండి.

సర్కారు బడి యాజమాన్య కమిటీలో 75 శాతం తల్లిదండ్రులే ఉండాలని అదే చట్టంలో రాసుంది. భోజనం, మరుగుదొడ్లు గట్టిగా అడగాల్సినవే. వాటితో పాటు ఈ రెండూ అడగండి: మా క్లాసులో కొత్త పేరా తప్పు లేకుండా చదివేవాళ్లు ఎందరు? మా బిడ్డ పదే పదే చేసే తప్పు ఏది? ఆ తప్పు పేరు కాగితం మీద రాయించుకున్నాకే సంతకం పెట్టండి.